గురి ఎంత దూరమైనా... మొదలు పది మీటర్లలోనే!

2024 ఆగస్టు 1. పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా షాటోరూలో జరిగిన 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ ఫైనల్లో స్వప్నిల్ కుసాలె 451.4 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఆ విభాగంలో మన దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. ఆ వార్త చదివినప్పుడు మీలో కొందరి చూపు పతకం దగ్గర కన్నా ఇంకో మాట దగ్గర ఎక్కువసేపు ఆగి ఉంటుంది... 'రైల్వేలో టికెట్ కలెక్టర్'. అంటే షూటింగ్ నేర్చుకుంటే ఉద్యోగం కూడా వస్తుందన్నమాట అనిపించి ఉంటుంది.

వస్తుంది. కానీ ఒక్కసారి తేదీలు చూడండి. స్వప్నిల్ 2009లో మహారాష్ట్ర ప్రభుత్వ క్రీడా ప్రబోధినిలో చేరాడు. రైల్వేలో చేరింది 2015లో. ఒలింపిక్ పతకం వచ్చింది 2024లో. మొదటి శిక్షణకూ ఉద్యోగానికీ మధ్య ఆరేళ్లు, పతకానికి పదిహేనేళ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో రైఫిల్ పట్టుకుని, ఫైనలియర్ అయ్యేలోపు స్పోర్ట్స్ కోటాలో కుదురుకుందామంటే ఈ లెక్కలో ఎక్కడా కుదరదు.

అలాగని మీకు వయసు మించిపోయిందని కాదు. పతకం గెలిచేనాటికి స్వప్నిల్ వయసు 28 ఏళ్లు. పరుగు, జిమ్నాస్టిక్స్ లాంటి ఆటలతో పోలిస్తే రైఫిల్ షూటింగ్‌లో ఆలస్యంగా మొదలుపెట్టినవారికీ చోటుంది. ఏ క్రమంలో మొదలుపెడతారన్నదే అసలు సంగతి. తుపాకీ కొనడంతో మొదలుపెట్టినవారు డబ్బు పోగొట్టుకుంటారు. ఉద్యోగం కోసమని మొదలుపెట్టినవారు చదువు పోగొట్టుకుంటారు. రేంజ్‌కి వెళ్లడంతో మొదలుపెట్టినవారే నిలబడతారు.

దూరం పెరిగితే ఏం పెరుగుతుంది?

లాంగ్ రేంజ్ అనగానే చాలామందికి వందల మీటర్ల అవతల ఉన్న టార్గెట్, పెద్ద తుపాకీ గుర్తొస్తాయి. నిజమే, అలాంటి పోటీలున్నాయి. ఇంగ్లాండ్‌లో ఫుల్‌బోర్ షూటర్లు బిస్లీ రేంజ్‌లో వెయ్యి గజాల దూరం, అంటే 914 మీటర్ల వరకు కాలుస్తారు. అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వార్షిక పోటీలు 1860లో వింబుల్డన్‌లో మొదలై, 1890లో బిస్లీకి మారాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లో రైఫిల్‌కు అత్యధిక దూరం 300 మీటర్లు. ఒలింపిక్స్‌లో 300 మీటర్ల పోటీ 1972 తర్వాత లేదు. ఇప్పుడు అక్కడ రైఫిల్‌కు ఉన్నవి 10 మీటర్లు, 50 మీటర్లే.

మరి అంత దూరం కాల్చాలనుకునే వారికి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఎందుకు? చిన్న లెక్క చేద్దాం. తుపాకీ గొట్టం కొద్దిగా పక్కకు తిరిగి, పది మీటర్ల దగ్గర దెబ్బ ఒక్క మిల్లీమీటరు తప్పిందనుకోండి. అదే కోణంలో తప్పితే 50 మీటర్ల దగ్గర 5 మిల్లీమీటర్లు, 300 మీటర్ల దగ్గర 30, వెయ్యి గజాల దగ్గర 91 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. గాలి ప్రభావం ఇంకా కలపలేదు! దూరం మీ పొరపాటును పెంచి చూపిస్తుంది తప్ప కొత్తగా నేర్పేదేమీ ఉండదు. నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కే వేలు... ఇవన్నీ దగ్గరలోనే సరిచేసుకోవాలి.

పైగా పది మీటర్లంటే తేలికేం కాదు. టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 5.5 కిలోల దాకా బరువుండే రైఫిల్‌ను, స్లింగ్ ఆసరా లేకుండా నిలబడే కాల్చాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద గంటంపావులో 60 షాట్లు. బిగుతైన మందపాటి జాకెట్, ప్యాంటు వేసుకుని మన మే నెల ఎండల్లో ఒక్క పూట సాధన చేస్తే చాలు, ఇది కదలకుండా ఆడే ఆటే కానీ కష్టపడకుండా ఆడే ఆట కాదని తెలిసిపోతుంది.

50 మీటర్లకు వెళ్లాక గాలి ఆటలోకి దిగుతుంది. ఇక్కడ .22 తూటాలు వాడతారు, పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. మోస్తరు అడ్డగాలి చాలు, తూటాను ఆ వలయం దాటించేస్తుంది. అందుకే రేంజ్‌లో 10, 30 మీటర్ల దగ్గర చిన్న జెండాలు కడతారు. 300 మీటర్ల రేంజ్‌లో ఇవి 50, 100, 200 మీటర్ల దగ్గర ఉంటాయి. జెండా ఎటు ఊగుతోందో, ఎప్పుడు వాలిందో చూసి, కాల్చాలా ఆగాలా అన్నది నిర్ణయించుకోవాలి. ఆగడం తెలిసిన షూటరే ఇక్కడ గెలుస్తాడు. వెయ్యి గజాల పోటీలోనూ ఉన్నది ఇదే విద్య. కాకపోతే అక్కడ గాలి తూటాను మీటర్ల లెక్కన పక్కకు నెట్టగలదు.

తుపాకీ కొనడం చివరి పని

పోటీ స్థాయి విదేశీ ఎయిర్ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లోవ్ అదనం. 50 మీటర్లకు వచ్చాక తూటాల ఖర్చు ఎప్పుడూ ఉండేదే. ఈ లెక్క తెలియకుండా ఇంట్లో బంగారం కుదువ పెట్టించి రైఫిల్ తెప్పించుకోవడం తెలివైన పని కాదు. నాన్నగారు అప్పు చేసి కొనిచ్చిన రైఫిల్ భుజం మీద ఉన్నప్పుడు దాని బరువు అయిదున్నర కిలోలే అనిపించదు. ప్రతి తొమ్మిదీ ఆ అప్పును గుర్తుచేస్తుంది.

మొదట క్లబ్ రైఫిల్‌తోనే మొదలుపెట్టండి. శిక్షణ ఇచ్చే చాలా అకాడమీల్లో కొత్తవారికి రైఫిల్, జాకెట్ వాళ్లే ఇస్తారు. ఫీజు ఎంత, నెలకు ఎన్ని రోజులు, పెల్లెట్లు ఎవరివి, కోచ్ ఒక్కొక్కరితో ఎంతసేపు ఉంటారు... ఈ నాలుగూ ముందే అడగండి. హైదరాబాద్‌లో ఉన్నవారికి గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్ ఉంది. లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత గగన్ నారంగ్ ఎదిగింది ఈ నగరంలోనే. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచిన ధనుష్ శ్రీకాంత్ కూడా హైదరాబాద్ కుర్రాడే. పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న ధనుష్ ఈ ఆటలో ఆ స్థాయికి చేరాడంటే, ఇది ఎంత లోలోపలి ఆటో అర్థం చేసుకోవచ్చు.

మీ కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే ఇంకా మంచిది. .22 రైఫిల్‌తో ఫైరింగ్ అక్కడ శిక్షణలో భాగం. ఖర్చు మీ మీద పడదు. బాగా కాల్చే క్యాడెట్లకు ఎన్‌సీసీ సొంత పోటీలున్నాయి, అక్కడి నుంచి పెద్ద పోటీలకూ దారి ఉంది.

మొదటి ఆరు నెలలు ఏం చేయాలి?

కాల్చడం కన్నా కాల్చకుండా చేసే సాధన ఎక్కువగా ఉండాలి. ఖాళీ రైఫిల్‌తో నిలబడి, గురి చూసి, ట్రిగ్గర్ నొక్కడాన్ని డ్రై ఫైరింగ్ అంటారు. ఇందులో పెల్లెట్ ఖర్చు లేదు, స్కోరు భయం లేదు. గురి పెట్టి కళ్లు మూసుకోండి. రెండు సార్లు ఊపిరి తీసి వదిలి కళ్లు తెరవండి. సైట్ పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగి సరిచేయకండి, పాదాలు జరపండి. ఎముకల మీద నిలవాల్సిన బరువును కండరాలతో మోస్తే పదో షాట్‌కల్లా వణుకు మొదలవుతుంది.

షాట్ అయిపోగానే తల ఎత్తి స్కోరు చూడటం కొత్తవారి అలవాటు. రెండు సెకన్లు అలాగే ఉండండి. దెబ్బ ఎక్కడ పడి ఉంటుందో ముందు మీరు చెప్పుకుని, తర్వాత తెర చూడండి. రెండూ కలుస్తున్నాయంటే మీరు నేర్చుకుంటున్నట్టే. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఆ రోజు స్కోరు, నిద్ర, తిండి, గాలి, మనసు ఎలా ఉందో రెండు మూడు వాక్యాలు రాయండి. పోటీ పరీక్షలకు చదివేవారికి ఈ అలవాటు మరోలా కూడా పనికొస్తుంది.

భద్రత విషయంలో మాత్రం సరదా లేదు. తుపాకీ ఖాళీగా ఉన్నా గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లకూడదు. ఫైరింగ్ లైన్ ముందుకు ఎవరైనా వెళ్లారంటే చేతిలోని రైఫిల్ కింద పెట్టాల్సిందే. రీల్ కోసం రేంజ్‌లో తుపాకీ అటూ ఇటూ తిప్పేవారిని మంచి కోచ్ ఆ రోజే ఇంటికి పంపేస్తాడు.

చట్టం కూడా తెలుసుకోండి. పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. .22 రైఫిల్‌ సొంతంగా ఉండాలంటే మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి, దానికి 21 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నవారు నిబంధనలకు లోబడి, పర్యవేక్షణలో శిక్షణ పొందవచ్చు. లైసెన్సు లేకుండా ఎవరి తుపాకీనో ఊరవతల పొలంలో 'ఒక్కసారి' కాల్చి చూడటం క్రిమినల్ కేసు అవుతుంది. ప్రభుత్వ ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ ఉంటుందని మర్చిపోవద్దు.

పోటీల మెట్లు... ఉద్యోగం సంగతి

క్లబ్, జిల్లా, రాష్ట్ర పోటీలు, తర్వాత జి.వి.మవలాంకర్ వంటి ప్రీ నేషనల్స్, ఆపై జాతీయ ఛాంపియన్‌షిప్. ఇదీ వరస. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఈ ఆటకు జాతీయ సమాఖ్య. పై మెట్టుకు వెళ్లాలంటే కనీస అర్హత స్కోరు సాధించాలి. 300 మీటర్ల బిగ్‌బోర్ పోటీల్లో మన దేశంలో సైన్యం, సాయుధ బలగాల వారే ఎక్కువగా కనిపిస్తారు. అందుకు తగ్గ రేంజ్, తుపాకులు బయట దొరకడం కష్టం. కాబట్టి ఆ దూరమే మీ కలైతే యూనిఫామ్ ఉద్యోగం వైపు కూడా చూడండి. మధ్యప్రదేశ్‌లోని మౌలో సైన్యానికి ప్రత్యేకంగా మార్క్స్‌మన్‌షిప్ యూనిట్ ఉంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్‌లో తగిన గ్రేడు తెచ్చుకున్న డిగ్రీ విద్యార్థులకు ఆర్మీ ఆఫీసర్ ఎంపికలో రాత పరీక్ష లేకుండా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు వెళ్లే స్పెషల్ ఎంట్రీ కూడా ఉంది. పై చదువులకు బ్రిటన్ వెళ్లేవారు అక్కడి యూనివర్సిటీ రైఫిల్ క్లబ్‌లను వాకబు చేయవచ్చు.

ఇక స్పోర్ట్స్ కోటా. కేంద్ర ప్రభుత్వ శాఖలు గ్రూప్-సి నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 5 శాతం వరకు ప్రతిభావంతులైన క్రీడాకారులకు ఇవ్వవచ్చు. అర్హమైన ఆటల జాబితాలో షూటింగ్ ఉంది. జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో రాష్ట్రానికో దేశానికో ఆడినవారితో పాటు ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో తమ యూనివర్సిటీకి ఆడినవారినీ పరిగణిస్తారు. కాలేజీలో ఉన్న మీకు దగ్గరి తలుపు ఇదే. ఈ వారంలోనే మీ ఫిజికల్ డైరెక్టర్‌ను అడగండి, మన యూనివర్సిటీ షూటింగ్ జట్టు ఎంపికలు ఎప్పుడని.

ఒక హెచ్చరిక. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర ఉంటే సరిపోదు. గుర్తింపు పొందిన సంఘం నిర్వహించిన పోటీ అయి ఉండాలి, నిర్ణీత ఫారంలో అధికారి సంతకం ఉండాలి. 'నేషనల్' అన్న పేరు పెట్టుకుని, ఎంట్రీ ఫీజు తీసుకుని, వచ్చినవారందరికీ పతకాలు పంచే పోటీలకు దూరంగా ఉండండి. ఏ నోటిఫికేషన్ ఏ పోటీని ఒప్పుకుంటుందో చదివాకే డబ్బు కట్టండి.

చదువు చేజార్చుకోవద్దు

50 మీటర్ల రైఫిల్‌లో 2023 సెప్టెంబరులో హాంగ్జౌ ఆసియా క్రీడల స్వర్ణాన్ని 469.6 పాయింట్ల ప్రపంచ రికార్డుతో గెలిచిన సిఫ్త్ కౌర్ సమ్రా ఎంబీబీఎస్ వదిలేసిందని మీరు చదివే ఉంటారు. ఆ వాక్యంలో సగమే నలుగురి నోటా నలిగింది. ఆమె వదిలేనాటికి దేశానికి ఆడుతున్న షూటర్. ఆ తర్వాత కూడా ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో చదువు కొనసాగించింది. క్లబ్ స్థాయి స్కోరు చేతిలో పెట్టుకుని కాలేజీ మానేయడానికి ఆమె పేరు వాడుకోకండి.

ఆటలో మన చేతిలో లేనివీ ఉంటాయి. 2012 లండన్‌లో 50 మీటర్ల ప్రోన్ విభాగంలో జాయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో నిలిచి త్రుటిలో పతకం కోల్పోయాడు. 2016 తర్వాత ఆ విభాగాన్నే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ఏళ్ల తరబడి ఒకే భంగిమను నమ్ముకున్నవారు ఏం చేయాలి? డిగ్రీ ఉంటే, ఇంకో విభాగం నేర్చుకునే ఓపిక ఉంటే, కోచింగ్ అర్హతలు ఉంటే దారి మూసుకుపోదు.

కాబట్టి ముందు మూడు నెలలు పెట్టుకోండి. వారానికి మూడు రోజులు, క్లబ్ రైఫిల్, పది మీటర్లు. నోట్‌బుక్ నిండాక తిరగేసి చూడండి. స్కోరు పెరగని రోజున కూడా రేంజ్‌కి వెళ్లాలనిపించిందా? అనిపిస్తే కొనసాగండి, 50 మీటర్ల గురించి కోచ్‌తో మాట్లాడండి. అనిపించకపోతే మూడు నెలల ఫీజుతో మీకో సంగతి తేలిపోయినట్టే. ఇంట్లో ఎవరి మీదా అప్పు మిగలదు, మీ సెమిస్టరూ పోదు.