'పోవద్దు' అంటే నీళ్ళా?

ఉట్నూరు వైపు ఒక గోండు గూడెంలో మూడేళ్ళు దాటిన పిల్లాడొకడు నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వేలు ఊపుతూ "పోవద్దు, పోవద్దు" అనటం మొదలుపెట్టాడు. మహిళా సంఘం సమావేశానికి వెళ్ళిన నన్ను వాళ్ళమ్మ అడిగింది. "అంగన్‌వాడీల ఏం నేర్పుతున్నరో ఏమో అక్కా, నీళ్ళ కాడ నిలవడి పోవద్దంటడు, మల్ల నీళ్ళే తాగుతడు." అందరం నవ్వాం. లోపల మాత్రం నాకు అనుమానమే. నీళ్ళు ఎక్కువ తాగితే మాటిమాటికీ ఒంటికి పోతాడని ఎవరైనా కసిరారేమో అనుకున్నాను.

మర్నాడు కేంద్రంలో ఒక మూల కూర్చున్నాక విషయం తెలిసింది. గోండీలో నీళ్ళను 'ఏర్' అంటారు. పిల్లాడు టీచరు కొంగు పట్టుకుని "ఏర్" అంటాడు. రోడ్డు మీది ఊరి నుంచి వచ్చే ఆ టీచరుకు అది 'ఏరు' అని వినిపిస్తుంది. వానాకాలం, పక్కనే వాగు. "ఏరు కాడికి పోవద్దు బిడ్డా" అని ఆమె నిజంగా ప్రేమతోనే చెబుతోంది. తను అడిగిన దానికి తెలుగులో 'పోవద్దు' అనాలి కాబోలని వాడు నేర్చుకున్నాడు. ఇది నా ఊహే అనుకోండి, కానీ ఇంతకంటే మంచి వివరణ ఎవరికీ దొరకలేదు. అన్నం వేళ అందరితోపాటు నీళ్ళు అందేవి. అందాకా ఆ పిల్లాడు దాహంతో కూర్చునేవాడు.

ఇక్కడ టీచరును తిట్టి చేతులు దులుపుకోవటం చాలా తేలిక. ఆమెకు గోండీ నేర్పిన వాళ్ళు లేరు. బరువులు తూచటం, పౌష్టికాహారం పంచటం, గర్భిణుల జాబితాలు, రిజిస్టర్లు, ఇప్పుడు వీటికి తోడు ఫోనులో వివరాలు ఎక్కించటం. ఇంత పనికి ఇచ్చేదాన్ని జీతం అనకుండా 'గౌరవ వేతనం' అంటారు. అంగన్‌వాడీ కార్యకర్తలకూ, ఆయాలకూ గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పాల్సివచ్చింది. అంటే 1975 అక్టోబరు 2న మొదలైన పథకంలో ఆ మాట వినటానికి నలభై ఆరేళ్ళు దాటింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంతటా వాళ్ళు సమ్మెకు దిగినప్పుడు 'పిల్లల్ని వదిలేసి రోడ్డెక్కారు' అన్న వాళ్ళలో మన వాళ్ళూ ఉన్నారు.

ఆ గూడెం నుంచి కరీంనగర్‌లోని మా అమ్మాయి ఇంటికి వచ్చాను. మా మనవరాలు డబ్బు కట్టే నర్సరీకి పోతుంది. ఆ సాయంత్రం బడి ఆట ఆడించింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి "నువ్వు టీచర్" అంది. వాళ్ళమ్మ పక్కన ఇంకో కుర్చీ లాక్కోబోతే చెయ్యి పట్టి ఆపింది. "నువ్వు ఆయమ్మ. ఆయమ్మకు కుర్చీ ఉండది. కింద కూసో." గొంతులో కోపం లేదు, ఆట నియమం చెబుతున్నట్టు చెప్పింది. దానికి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. ముక్కు తుడిచే మనిషి, పాస్ పోస్తే కడిగే మనిషి రోజంతా నేల మీద ఉండటం చూసింది. ఇంట్లో మేం సమానత్వం గురించి ఎన్ని మాటలు మాట్లాడతాం! ఒక్క కుర్చీ లేకపోవటం వాటన్నిటి కంటే గట్టిగా చెప్పింది.

ఇంటి నుంచి బడికి మోసుకెళ్ళేవీ ఉంటాయి. కోరుట్ల దగ్గర ఒక బీడీ కార్మికురాలి కూతురు 25 దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. పిల్ల మొద్దు అనుకున్నారు. బీడీల కట్టకు 25 అని తెలిసిన వాళ్ళు ఆ లెక్కను ఎలా తప్పంటారు? ఆ తల్లి చాట ఒళ్ళో పెట్టుకుని ఇంటి దగ్గరే బీడీలు చుడుతుంది. బీడీ కార్మికుల కోసం 1966లో వచ్చిన చట్టంలో శిశుగృహం మాట ఉండేది, కానీ అది కార్ఖానాలకు. ఇల్లే కార్ఖానా అయిన ఆమెకు అంగన్‌వాడీ తప్ప వేరే దిక్కు లేదు. అక్కడికి పోయి "మా పిల్ల లెక్క ఇట్లా ఎందుకుంది?" అని అడిగే తీరిక అసలే లేదు.

మన ప్రాంతంలో దీని గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. కొమురం భీం 1940లో చంపబడ్డాక, హైమన్‌డార్ఫ్ చొరవతో నిజాం ప్రభుత్వం 1940లలో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టింది, గోండీలో వాచకాలు తయారుచేయించింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కొలామీతో సహా ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన ఆరంభించారు. అయితే అది ఒకటో తరగతి నుంచి. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ళ దగ్గరే మొదలవుతుంది. అంతకంటే చిన్నవాళ్ళ సంగతి రాజ్యాంగంలో 45వ అధికరణం కింద, ఆదేశ సూత్రంగా మిగిలింది. కోర్టుకు వెళ్ళి అడిగే హక్కు కాదది. మాటలు వచ్చే వయసు, దాహం వేస్తే అడగటం నేర్చుకునే వయసు సరిగ్గా అదే.

కాబట్టి పిల్లలు తెచ్చే వింత మాటలకు వెంటనే నవ్వటమో, కొట్టటమో చెయ్యకుండా, అవి ఎక్కడ పుట్టాయో వెళ్ళి చూడాలని మన కార్యకర్తలతో అంటున్నాను. తల్లుల సమావేశంలో బియ్యం, గుడ్ల లెక్కతోపాటు ఇదీ ఒక అంశం కావాలి. గూడేల్లో టీచరుకో, ఆయమ్మకో అక్కడి భాష వచ్చి ఉండాలని నియామకాలప్పుడే పట్టుబట్టాలి. ఇక ఆయమ్మకు కుర్చీ కావాలని అడగటానికి ఏ జీవో కోసమూ ఆగనక్కర్లేదు. మా మనవరాలి నర్సరీలో మా అమ్మాయి అడిగింది. "చూద్దాం మేడం" అన్నారు.

ఉట్నూరు వైపు గూడెంలో తల్లులు టీచరు పక్కన కూర్చుని పదిహేను మాటలు చెప్పారు. ఆమె రిజిస్టరు చివరి పేజీలో తెలుగు అక్షరాలతో రాసుకుంది. మొదటి మాట ఏర్. రెండోది ఆకలికి, మూడోది ఒంటికి పోవటానికి. రిజిస్టరు నిండితే ఆఫీసులో అప్పజెప్పాలట. అందుకని ఇంకో నకలు రాసి, నీళ్ళకుండ పైన గోడకు అంటించి వచ్చాం.