ముందు మొట్టమాడి ఎక్కండి, తర్వాత కలర్ కార్డు చూడండి

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము, కొంచెం కోపంగానూ రాస్తున్నాము. మేమంటే ఎవరో మీకు తెలుసు. రైల్వేలోనూ, హార్బరులోనూ, పాల డెయిరీలోనూ పని చేసి రిటైరైన అయిదారుగురం. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు పిలిస్తే టేపు పట్టుకుని వెళ్ళి చూసి వస్తాము. బళ్ళో చదివింది తమిళం, మా తెలుగు ఇంట్లో నేర్చిన తెలుగు. అందుకని కొత్తనారు, ఆసారి, మొట్టమాడి అనే రాస్తాము. తాపీ మేస్త్రి, వడ్రంగి, డాబా అని రాస్తే మాకే మరొకరి ఇల్లులా ఉంటుంది.

మాధవరంలో ఇల్లు కొనే మనవాళ్ళు ఎక్కువయ్యారు. సంతోషం. మెట్రో రెండో దశలో రెండు లైన్లు ఇక్కడినుంచే మొదలవుతున్నాయి. 2018లో బస్ టెర్మినస్ తెరిచాక నెల్లూరు, తిరుపతి బస్సు కోసం కోయంబేడు దాకా పోయే పని తప్పింది. దాంతోపాటే ధరలూ ఎక్కాయి. కొత్త ఫ్లాటు అందని వాళ్ళు ఇరవై అయిదేళ్ళ, ముప్పై ఏళ్ళ పాత ఇల్లు కొంటున్నారు. స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం కట్టేసరికే చెయ్యి ఖాళీ. అయినా మళ్ళీ అప్పు తెచ్చి రెనోవేషన్ మొదలుపెడతారు. మా కొట్లాట ఆ అప్పు మీద కాదు. ఆ డబ్బు ఏ వరసలో ఖర్చవుతోంది అన్నదాని మీద.

తాళం చెవి చేతికి రాగానే మొదటి ఫోను ఇంటీరియర్ కంపెనీకి. రెండోది వాస్తు ఆయనకి. కొత్తనారుకి ఫోను ఎప్పుడు? గోడ తడిసి రంగు ఊడిన తర్వాత. మేము చెప్పేది దీనికి తలకిందులు. గోడ లోపల ఉండేది, నేల కింద ఉండేది, నెత్తి మీద ఉండేది పాలు పొంగించక ముందే చేయించండి. గోడకి అతికించేది, పైకప్పుకి వేలాడదీసేది ఏదైనా సరే, ఒక అడమళ చూసిన తర్వాత చేయించండి. అడమళ అంటే తెలుసుగా, పట్టిందంటే విడవని వాన.

ఎందుకంత పట్టుదల అంటే మన కేలండరే కారణం. ఆడి మాసంలో గృహప్రవేశం చేయము. పైగా మనం మద్రాసు తెలుగువాళ్ళం కాబట్టి ఆషాఢమూ చూస్తాము, భాద్రపదమూ చూస్తాము. రెండు పంచాంగాలూ ఒప్పుకునే ముహూర్తం ఆవణిలో ఎక్కడో ఒకటి దొరుకుతుంది. దానికోసం ఆడిలో పనివాళ్ళను తరుముతాము. పుట్టీ ఆరకముందే ప్రైమరు, ప్రైమరు ఆరకముందే రంగు. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే ఐప్పసి వచ్చేస్తుంది. మద్రాసుకి ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన, అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. అంటే మీ ఇంటికి పరీక్ష పెట్టేది ఆ మూడు నెలలు. మీరు పరీక్షకి ముందే పట్టుచీర కట్టించి కూర్చోబెడుతున్నారు.

మాకు రెండు వీధుల అవతల ఒకాయన, పేరు రాయము, పి.ఎఫ్. డబ్బుతో కింద అంతస్తు ఇల్లు కొన్నారు. వంటింట్లో పాతకాలం కడప రాతి అలమరలు, కడప రాతి తిన్నె. కంపెనీ కుర్రవాడు లాప్‌టాప్‌లో బొమ్మ చూపించాడు. రాళ్ళు పగలగొట్టించారు. తెల్లగా మెరిసే బోర్డు వంటిల్లు, హాల్లో ఫాల్స్ సీలింగు, దాంట్లో దీపాలు. ఆరు లక్షల పైన అయింది. 2023 ఆవణిలో పాలు పొంగించారు, మేమూ వెళ్ళి భోంచేసి వచ్చాము. ఆ డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను. అది పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ పోస్తూ పోస్తూ మనల్ని ముంచి పోయింది. ఆయన ఇంట్లో మోకాటి లోతు నీళ్ళు. బోర్డులు ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. కింది సాకెట్లలోకి నీళ్ళు పోయాయి. నీళ్ళు తీసిన తర్వాత ఆ ఇంటావిడ మొదటి రోజు వంట ఎక్కడ చేశారో తెలుసా? పెరట్లో పడేసిన కడప రాతి ముక్క కడిగి, నాలుగు ఇటుకల మీద పెట్టి, దాని మీద స్టవ్ పెట్టి చేశారు.

మూడు రోజులు నీళ్ళలో ఉన్నా కడప రాయి కడప రాయే. దాన్ని పగలగొట్టడానికి కూలి ఇస్తున్నాము, ఆ చెత్త ఎత్తడానికి ఆటో బాడుగ ఇస్తున్నాము, ఆ స్థలంలో నీళ్ళు తాగే బోర్డు పెట్టడానికి లక్షలు ఇస్తున్నాము. మనవైపు నుంచి వచ్చిన రాయి కదా, ఆ మర్యాదైనా ఉండాలి!

మాధవరం ఎక్కడుందో ఒకసారి మ్యాపులో చూడండి. ఒక పక్క రెట్టేరి, ఒక పక్క మాధవరం చెరువు, పైన పుళల్. పుళల్ చెరువు పూర్తి మట్టం 21.20 అడుగులు, నిల్వ 3300 మిలియన్ ఘనపుటడుగులు. కృష్ణా నీళ్ళు, మన తెలుగు గంగ, పూండి మీదుగా వచ్చి చేరేదీ అక్కడికే. అది నిండి తెరిస్తే మిగులు నీరు వడపెరుంబాక్కం, మణలి, సడయంకుప్పం వైపుగా సముద్రానికి పోతుంది. చెరువుల మధ్య ఇల్లు కొన్నవాళ్ళం మనం. చూడవలసిన మొదటి డిజైను నీళ్ళు పోయే దారి.

అందుకని కొత్త ఇంటికి మమ్మల్ని పిలిస్తే మేము గుమ్మం దగ్గరే నిలబడి మెట్లు లెక్కపెడతాము. కట్టినప్పుడు వీధినుంచి మూడు మెట్లు ఎక్కేవారు అని పక్కింటి పెద్దావిడ చెబుతుంది. ఇప్పుడు అర మెట్టు ఉంటుంది, లేదా దిగవలసి ఉంటుంది. తారు మీద తారు పోసి వీధి పెరిగింది, ఇల్లు పాతాళంలోకి పోయింది. 2021 మేలో తమిళనాడు ప్రధాన కార్యదర్శి స్పష్టంగా ఉత్తరువు ఇచ్చారు, పాత పొర గీకి తీసిన తర్వాతే కొత్త తారు వేయాలి, రోడ్డు మట్టం పెరగకూడదు అని. మీ వీధిలో తారు లారీ వచ్చిన రోజు గీకారా లేదా అని ఎవరైనా వెళ్ళి అడిగారా? ఆ రోజు మీరు టైల్స్ షాపులో ఉన్నారు.

నేల ఎత్తు పెంచాలంటే అదే మొదటి పని. అన్నీ అయ్యాక పెంచడం కుదరదు. లోపల అడుగున్నర మట్టి, కాంక్రీటు నింపితే తలుపులు కోయాలి, సాకెట్లు పైకి జరపాలి, కక్కసులో గొట్టాల వాటం మార్చాలి. నింపిన ఇంట్లో మళ్ళీ ఫాల్స్ సీలింగ్ అంటే ఫాను రెక్క తలకి తగులుతుంది. ఇలా నింపినవాళ్ళు కొందరు ఇంకో పని చేస్తారు. వీధిలోకి నాలుగడుగులు రాంపు, దాని మీద గ్రానైటు, దాని కింద కార్పొరేషన్ వాననీటి కాలువ మూత. కోసస్థలై పరీవాహకమని ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పుతో మన వైపు ఇన్ని కాలువలు కడుతుంటే, మనం కారు ఎక్కడానికి వాటి నోరు మూస్తున్నాము. మీ నీళ్ళు పక్కింట్లోకి పోతాయి. పక్కింట్లో ఉన్నదీ మనిషే. సంఘంలో మనం కులం, ఊరు, పేట అని అంతా అడిగి తెలుసుకుంటాము, పక్కింటి గుమ్మం ఎత్తు ఎంతో అడగము.

ఇక మొట్టమాడి. పాత మద్రాసు ఇళ్ళకి స్లాబు మీద ఇటుక జల్లి, సున్నం వేసి కొట్టి, పైన తట్టోడు పరిచేవారు. మంచి పని అది, వేడినీ ఆపుతుంది, నీళ్ళనీ వాటంగా పంపుతుంది. ఇప్పుడు దాని మీద తెల్ల కూల్ టైలు వేయమంటున్నారు. వేసుకోండి, కానీ ముందు వాన గొట్టాల నోళ్ళకి గుడ్డ కుక్కి, మొట్టమాడి మీద రెండంగుళాల నీళ్ళు కట్టి, ఒక రోజంతా ఉంచి, కింద గదుల్లో పైకప్పు చూడండి. తడి మచ్చ ఎక్కడ కనిపిస్తే అక్కడ కొత్తనారుకి పని. స్లాబులో కమ్మి తుప్పుపట్టి పెచ్చులు ఊడుతుంటే అదీ అప్పుడే తెలుస్తుంది. ఫాల్స్ సీలింగు మీకు చేసే అసలు ఉపకారం ఇదే, ఆ మచ్చనీ ఆ తుప్పునీ మీకు కనపడకుండా దాస్తుంది. అయిదేళ్ళ తర్వాత అన్నీ కలిపి మంచం మీదికి దించుతుంది.

అక్కడినుంచి దిగి వచ్చే గొట్టం ఎక్కడికి పోతోందో కూడా చూడండి. 2003లో ఈ రాష్ట్రంలో ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. గొట్టం చాలా ఇళ్ళలో ఉంది, కింది గుంట పూడిపోయి ఉంది. 2019 వేసవిలో పుళల్ ఎండి, బిందెలు పట్టుకుని లారీ వెనక పరుగెత్తినవాళ్ళం మనమే. గుంట తవ్వించడానికి అయ్యే ఖర్చు మీ హాల్లో వేలాడే దీపం గుత్తి ఖర్చుకంటే తక్కువ.

కరెంటు గురించి రెండు మాటలు చాలు. పాత ఇంటి తీగలు ఒక ఫ్రిజ్, నాలుగు ఫాన్ల కోసం వేసినవి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ విడిగా లాగించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి, కింది అంతస్తులో సాకెట్లు నడుము ఎత్తులో పెట్టించండి. చూడ్డానికి బాగుండదని కంపెనీవాళ్ళు అంటారు. చూడ్డానికే కదా వాళ్ళు వచ్చేది, ఉండటానికి కాదు.

వాస్తు మాట ఎత్తితే కోపం వస్తుందని తెలుసు. నమ్మకాన్ని మేము తిట్టము, మా ఇళ్ళలోనూ ఈశాన్యంలో దీపం పెడతారు. కానీ పాత ఇళ్ళలో తొమ్మిదంగుళాల గోడ తడిక కాదు, పై స్లాబు దాని మీదే కూర్చుని ఉంటుంది. తలుపు జరపండి అని చెప్పి దక్షిణ పుచ్చుకుని ఆయన నెల్లూరు బస్సు ఎక్కేస్తారు. గోడ పగిలితే కింద ఉండేది ఇసుక మోసే సిత్తాళు. ఈశాన్యంలో నీళ్ళుండాలని మంచి సంపు పూడ్చి, వీధి మురుగు గొట్టం పక్కనే కొత్తది తవ్వించిన ఇల్లు మేము చూశాము. వరద వచ్చినప్పుడు రెండూ కలిశాయి. సంపు ఏ మూల ఉన్నా సరే, దాని మూత నేలకంటే రెండడుగులు పైన ఉండాలి. ఇంజనీరు సంతకం లేకుండా ఏ గోడ మీదా సుత్తి పడకూడదు. ఇది మా వాస్తు.

డబ్బు లెక్క. రైల్వేలో మెజర్‌మెంట్ బుక్కులో కొలత ఎక్కకుండా కాంట్రాక్టరు బిల్లు పాస్ కాదు. ముప్పై ఏళ్ళు ఆ కాగితాలు చూసిన కళ్ళతో ఈ కంపెనీల కొటేషన్లు చూస్తే కడుపు మండుతుంది. మొత్తం మీద ఒక అంకె, సగం అడ్వాన్సు, ప్లైవుడ్ అని ఒక్క మాట. ఏ ప్లైవుడ్? తడి తట్టుకునేది ఐ.ఎస్. 710. మామూలుది ఐ.ఎస్. 303. ఆ నంబరు కాగితం మీద రాయించండి, వచ్చిన పలక మీద ముద్ర చూడండి. బిల్లు అడిగితే 18 శాతం జి.ఎస్.టి. అంటారు, అడగకపోతే రేపు ఉబ్బిన తలుపు పట్టుకుని ఎవరి దగ్గరికి పోతారు? ఇంకో సంగతి. పాత పన్ను పద్ధతిలో మీరుండే ఇల్లు కొన్న అప్పు వడ్డీకి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది, మరమ్మతు అప్పు వడ్డీకి 30,000 దాకానే. ఇదీ ఏ కంపెనీ కుర్రవాడూ చెప్పడు.

పిల్లలు మాకు చెప్పే జవాబు ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. "తాతా, ఒక పక్క బాడుగ, ఒక పక్క ఇ.ఎం.ఐ. ఇంట్లో చేరిన తర్వాత దుమ్ములో చంటిబిడ్డని పెట్టుకుని పని చేయించడం మీ వల్ల అవుతుందా?" అవదు నాయనా. అందుకే అంటున్నాము, దుమ్ము పని అంతా చేరకముందే, గోడ తవ్వేది, నేల తవ్వేది, కక్కసు నీరు కారకుండా చేసేది, చెదల మందు. తర్వాతకి మిగిలేది ఆసారి పని, రంగు పని, గదికి నాలుగు రోజులు. అప్పటిదాకా సున్నం కొట్టిన గోడలు, పాత బీరువా, కడప రాతి అలమర. చుట్టాలు ఏమనుకుంటారు అంటారా? చుట్టాలు వచ్చేది ఆ ఒక్క పూటకి, పులిహోర బాగుంటే చాలు వాళ్ళకి.

వంటింటి విషయం ఇంట్లో వంట చేసే మనిషికి వదిలిపెట్టండి. ఆవిడ ఆ పొయ్యి దగ్గర మూడు నెలలు నిలబడితే సాయంత్రం ఎండ ఏ కిటికీలోంచి కళ్ళలో పడుతుందో, తాలింపు పొగ ఎటు పోతుందో, బియ్యం డబ్బా ఎక్కడుంటే నడుము వంగక్కర్లేదో తెలుస్తుంది. ఆ తర్వాత గీయించండి బొమ్మ. మేము చూసిన ఇళ్ళలో బొమ్మ గీయించినవాళ్ళు ఎప్పుడూ మగవాళ్ళే, మూడు నెలల్లో తిట్టుకుంటున్నవాళ్ళు ఎప్పుడూ ఆడవాళ్ళే.

వచ్చే ఆవణికి ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు, ఆడి మొదలయ్యే లోపు ఒక ఆదివారం మమ్మల్ని పిలవండి. టేపు, టార్చి, నీటి మట్టం గొట్టం మేమే తెస్తాము. కాఫీ మీది. మీ ఇంజనీరునీ, కొత్తనారునీ ఉండమనండి, వాళ్ళ ముందే మాట్లాడతాము. మొట్టమాడి తాళం చెవి పాత ఓనరు దగ్గరే ఉండిపోతుంది, అది ముందుగా తీసి పెట్టుకోండి.