ముప్పు మనది, ఎంపిక వాళ్ళది

ఏ పరిశోధనకు ముందు డబ్బివ్వాలి, ఏ సాంకేతికతను ముందు తేవాలి అని తేల్చడానికి ప్రభుత్వాలు ముప్పును లెక్కగడతాయి. మంచిదే. ఆ లెక్కలో మన ప్రాణాలు ఏ వరుసలో ఉన్నాయని మనం అడుగుతున్నాం.

హెచ్‌పీవీ టీకా అధ్యయనం 2009లో ఖమ్మం జిల్లాలో మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు సూదులు వేశారు. వాళ్ళలో హాస్టళ్ళలో చదివే మన పిల్లలు ఎందరో. గొడవ లేచాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద ఉన్న సంతకాలు హాస్టల్ వార్డెన్లవని అందులో ఉంది.

మన తగువు టీకాతో కాదు. అది కేన్సర్ నుంచి కాపాడే టీకానే. కన్నవాళ్ళను అడగకుండా వాళ్ళ బిడ్డను ముప్పులోకి పంపే హక్కు ఎవరిచ్చారన్నదే తగువు. ఆ కలం పట్టింది మనలాంటి ఉద్యోగులే. ఈ సిగ్గులో మనకూ వాటా ఉంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. నీలగిరి ఆదివాసుల్లో సికిల్ సెల్ లక్షణాన్ని 1952లోనే గుర్తించారు. జాతీయ నిర్మూలన మిషన్ మొదలైంది 2023 జులైలో. మధ్యలో 71 ఏళ్ళు! ప్రయోగానికి మన హాస్టళ్ళ దారి వెంటనే దొరికింది. మన జబ్బుకు దేశవ్యాప్త కార్యక్రమం రావడానికి మూడు తరాలు పట్టింది.

జనాభా తక్కువ కదా అంటారు. 2011 లెక్కల్లోనే మనం 10 కోట్లకు పైన. అయినా ముప్పంటే తలలు లెక్కపెట్టడమేనా? తల్లిదండ్రులిద్దరిలో ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కో ఇంటిమీద పడే ఆ బరువునూ తూచాలి.

హైడ్రాక్సీయూరియా మాత్ర కొత్తది కాదు. అది రోజూ అందాలి, మధ్యమధ్య రక్తపరీక్ష జరగాలి. వాగు పొంగిన నెలల్లో గూడేనికి ఆ రెండూ ఎలా చేరాలన్నది కూడా పరిశోధనే. దానికీ నిధులివ్వాలి. ఎన్ని కార్డులు పంచామన్నది ఫలితం కాదు, నొప్పితో బడి మానే పిల్లలు ఎంతమంది తగ్గారన్నది ఫలితం.

పరిశోధనల జాబితా రాసేముందు గ్రామసభకు రండి. మన భాషలో చెప్పండి. కాదంటే వినండి.

తోటి ఉపాధ్యాయులారా, రేపు మరో పత్రం మన బల్ల మీదికి వస్తుంది. తల్లి పేరు రాయాల్సిన చోట మన పేరు రాయొద్దు. ఆ తల్లిని పిలిపించి, కూర్చోబెట్టి, చదివి వినిపిద్దాం.