మెఱుపును పటమున నిలుపుట

గడచిన వైశాఖమున నొకనాటి రాత్రి ఈశాన్యమున మేఘములు క్రమ్మి మెఱుపులు మెఱయుచుండగా, ఫోను చేతబట్టుకొని మేము మేడమీదికి పరుగిడితిమి. మెఱుపు కనబడినంతనే మీట నొక్కితిమి. నలువదిమారులు నొక్కినను పటములన్నియు నల్లనివే. పట్టుదల పెరిగి యచ్చటనే నిలిచితిమి. మెఱుపునకును ఉఱుమునకును నడుమ తొమ్మిది సెకనులే గడచినవనియు, వెంటనే దిగిరమ్మనియు మా యింటివారు మెట్ల క్రిందనుండి కేకవేసిరి. మూడు సెకనులకు ఒక కిలోమీటరు చొప్పున బడిపిల్లలకు వారు చెప్పు లెక్కయే యది. మేము దిగి తలుపు వేసిన కొంతసేపటికి వీధిచివరి తాటిచెట్టు మొవ్వు భగ్గుమని మండినది. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు.

ఉఱుము వినబడెనా, మేడయు పెరడును విడువవలసినదే. కడపటి ఉఱుము పిమ్మట 30 నిమిషములు గడచువరకు వెలుపలికి పోరాదు. పుణెలోని వాతావరణశాస్త్ర సంస్థవారి 'దామిని' యను సాధనము, చేరువలో పిడుగులు పడుచున్నచో ఫోనులోనే తెలుపును. ఆ పేరు పెట్టినవారు నిఘంటువు చదివినవారే కాబోలు!

ఇక పటము మాట. మెఱుపును వెంబడించి పట్టజాలము; అది వచ్చు చోట కెమెరా కన్ను తెఱచియుంచి కాచుకొనవలెను. గదిలో దీపమార్పి, కిటికీ మూసి, అద్దమునకు దగ్గరగా కెమెరాను మూడుకాళ్ల స్టాండుపై కదలకుండ నిలుపుడు. ఇనుపఊచలను తాకకుడు, ఛార్జరుతీగ తీసివేయుడు. ఐ.ఎస్.ఓ. 100, ఎపర్చరు ఎఫ్ 8, షట్టరు 10 మొదలు 20 సెకనులు. దూరపు వీధిదీపముపై ఫోకసును చేతితోనే కుదుర్పుడు. చీకటిలో యంత్రము తడబడును. షట్టరు మూసికొనగానే మరల తెఱవవలెను. ఆ నడుమ వచ్చిన మెఱుపు తన్ను తానే వ్రాసికొనును. అది మఱీ తెల్లగా పడినచో ఎపర్చరును తగ్గింపుడు; సెకనులు తగ్గించిన ప్రయోజనము లేదు, మెఱుపు ఎట్లును క్షణకాలమే గదా. ఫ్లాషు ఏల? సూర్యునికి దివిటీ పట్టుటయే!

ఇట్టి యేర్పాటులు లేని ఫోనైనచో వీడియో తీసి, అందుండి మెఱుపున్న పటమును వేఱు చేసికొనుడు. పగటివేళకును ఇదియే సులువు.

ఫిలడెల్ఫియా నగరమున విలియం జెన్నింగ్స్ 1882లోనే మెఱుపును పటమున కెక్కించెను. చిత్రకారులు గీయు కోణముల వంకరలు గాక, చెట్టువేళ్లవలె చీలిన పాయలు అందు కనబడినవి.

మొన్న ఆషాఢమున కిటికీవెనుక కూర్చుండి అఱువది పటములు తీయగా మాకు దక్కినది ఒక్కటి. అందును ఊచ యొకటి అడ్డముగా పడినది. దానిని కత్తిరింపుమని మా యింటివారు చెప్పిరి గాని, మేము అట్లే అచ్చువేయించితిమి.