కూత గొప్పా? ఖో గొప్పా?

కొన్ని తగవులు తీరేవి కావు. చేపల పులుసు వండిన పూట రుచా, మర్నాటి పొద్దుటికి రుచా అని నెల్లూరు జిల్లాలో ఎవర్నయినా అడిగి చూడండి. అన్నం చల్లారిపోతుంది తప్ప మాట తెగదు. ఊళ్లో ఆటలాడి పెరిగినవాళ్ల మధ్య అలాంటి తగవే ఇంకోటుంది. కబడ్డీ గొప్పదా, ఖోఖో గొప్పదా?

కొండాపురం వైపు వెళ్తే ఈ ముచ్చట ఎవరు ఎత్తినా ఇద్దరు అటు, ఇద్దరు ఇటు చేరిపోతారు. రైలు దిగే కడప జిల్లా కొండాపురం కాదండీ. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ప్రకాశం జిల్లా పొలిమేరకు దగ్గరగా ఉన్న కొండాపురం. అటు ఉదయగిరి, ఇటు ఆత్మకూరు దాకా అంతా అదే వరస. ఎర్రనేల, గులకరాళ్లు, వాన కోసం ఎదురుచూసే చేలు. క్రికెట్ రాకముందూ, వచ్చాక కూడా ఇలాంటి ఊళ్ల బడుల్లో నిలబడ్డ ఆటలు ఈ రెండే. కారణం మరేం లేదు, ఖర్చు లేకపోవడం. ఒకదానికి నాలుగు సున్నం గీతలు చాలు. రెండోదానికి గీతలతో పాటు రెండు గుంజలు కావాలి. అంతే.

"ఖోఖో ఏందన్నా, పిల్లకాయలు కూర్చొని లేచే ఆట! మొగోడైతే కూతకు పోవాల" అంటాడు కబడ్డీ మనిషి.

ఖోఖో మనిషి ఊరుకుంటాడా? "నీది కండ తమ్ముడూ, మాది బుర్ర. తొమ్మిది నిమిషాలు వెంటాడి చూడు, నీ కూత యాడికి పోద్దో!"

నా తీర్పు ముందే చెప్పేస్తాను. నేర్పు ఎక్కువ కావలసింది ఖోఖోకి. జనాన్ని కట్టిపడేసేది కబడ్డీ. రెండు మాటలూ నిజమే. చిక్కల్లా ఆ రెండో మాట మొదటిదాన్ని మింగేయడంతోనే వస్తోంది.

కబడ్డీ ఎందుకు ఆకట్టుకుంటుందో చెప్పడం తేలిక. ఒక్కడు ఏడుగురి మీదికి వెళ్తాడు. ఇంతకు మించిన కథ ఏం కావాలి? ఆట నియమం ఒక్కటీ తెలియని ముసలమ్మ కూడా అరుగు మీద కూర్చుని "అయ్యో, బిడ్డ దొరికిపోయె" అనగలదు. ముట్టుకున్నాడా, గీత దాటొచ్చాడా... అంతే లెక్క. పూర్వం ఊపిరి ఉన్నంతసేపే కూత. ఇప్పుడు 30 సెకన్లు అని గడియారం పెట్టారు. అంటే అర నిమిషానికో కథ మొదలై, అర నిమిషంలోనే ముగుస్తుంది. కోర్టు కూడా చిన్నది, మగవాళ్లకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఎక్కడ కూర్చున్నా అన్నీ కళ్లముందే.

అలాగని అది ఉత్త బలం ఆట కాదు. మంచి రైడర్ కళ్లు చూస్తున్నది ఒకవైపు, కాలివేలు వెళ్లేది ఇంకోవైపు. మూలన నిలబడ్డ డిఫెండర్ చీలమండ పట్టుకోవాలంటే, రైడర్ బరువు ఏ కాలి మీద ఉందో రెప్పపాటులో కనిపెట్టాలి. చేయీ చేయీ పట్టుకుని ఇద్దరు కలిసి మూసేసే పట్టు ఉందే, అందులో ఒకడు అరక్షణం ముందు కదిలితే ఇద్దరూ ఔట్. ఇవన్నీ విద్యలే. కాకపోతే ఈ విద్యలన్నీ బయటికి కనబడతాయి. చూసేవాడు చప్పట్లు కొట్టడానికి వీలుగా ఉంటాయి.

ఖోఖో దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఎందుకంటే ఈ ఆట బడిలో ఆడినవాళ్లలో కూడా సగంమంది దాని లోతు చూడకుండానే పదో తరగతి దాటేసి ఉంటారు.

రెండు గుంజల మధ్య ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు. ఒకడు తూర్పుకు చూస్తే పక్కవాడు పడమటికి. తొమ్మిదోవాడు తరమాలి. పారిపోయేవాళ్లు ముగ్గురేసి వస్తారు. ఇప్పుడు అసలు మెలిక చూడండి. పారిపోయేవాడు కూర్చున్నవాళ్ల సందుల్లోంచి అటూ ఇటూ ఎలాగైనా దూరొచ్చు. తరిమేవాడు మాత్రం మధ్యగీత దాటకూడదు. ఒకసారి ఒక గుంజ వైపు కదిలాక, ఆ గుంజ చేరేదాకా వెనక్కి తిరగనే కూడదు. దొంగకు ఊరంతా వదిలేసి, పోలీసుకు కాళ్లు కట్టేసినట్టన్న మాట!

మరి పట్టుకోవడం ఎలా? తాను తిరగలేడు కాబట్టి, అవతలి వైపు మొహం పెట్టి కూర్చున్నవాణ్ణి వెనకనుంచి వీపు తట్టి "ఖో" అనాలి. వాడు లేస్తాడు, వీడు వాడి చోట కూర్చుంటాడు. అంటే పరుగు ఒకడి కాళ్లలోంచి ఇంకొకడి కాళ్లలోకి మారిపోతుంది. ఎవరికి ఖో ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి, పారిపోయేవాడు ఏ సందులో దూరబోతున్నాడు, ఆ సందుకు అవతల మన మనిషి ఎవరు? ఇదంతా పూర్తి వేగంతో పరిగెత్తుతూ తేల్చుకోవాలి. అంతవేగం మీద వచ్చి గుంజను ఒంటిచేత్తో పట్టుకుని ఒరిగి తిరగడం ఒక విద్య. గుంజ ఊతంగా ఒళ్లంతా గాల్లోకి చాచి మునివేళ్లతో తాకడం ఇంకో విద్య.

ఇక కూర్చున్నవాడి సంగతి. నా దృష్టిలో ఖోఖోలో అన్నిటికన్నా కష్టమైన పని అదే. పరుగంతా తన వెనక జరుగుతుంటుంది. తనకు కనబడదు. వీపు మీద చెయ్యి పడీ పడకముందే ఒళ్లు విల్లులా లేవాలి. ఖో చెవిన పడకముందే లేస్తే తప్పు. ఒక్క క్షణం ఆలస్యమైతే దొంగ వెళ్లిపోతాడు. ఇదంతా గ్యాలరీలో కూర్చున్నవాడికి ఎలా కనిపిస్తుంది? ఎవరో కూర్చున్నారు, ఎవరో లేచారు అన్నట్టుంటుంది. నేర్పు ఎంత ఎక్కువుంటే ఆట అంత సాఫీగా సాగిపోతుంది, అంత మామూలుగా కనబడుతుంది. పాపం, ఖోఖో దురదృష్టం అదే.

సినిమావాళ్లకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. 2003లో 'ఒక్కడు', అదే ఏడాది 'కబడ్డీ కబడ్డీ', 2010లో 'భీమిలి కబడ్డీ జట్టు', 2021లో 'సీటీమార్'. ఖోఖో మీద తెలుగు సినిమా ఒక్కటి చెప్పండి చూద్దాం!

టీవీ కూడా ముందు కబడ్డీ చెయ్యే పట్టుకుంది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ వచ్చింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది, రంగుల దీపాలొచ్చాయి. మన తెలుగు టైటాన్స్ మొదటి ఏడాది నుంచీ ఉంది. 2025 సీజన్ దాకా కప్పు అందలేదు, అది వేరే బాధ. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ కోసం ఆ జట్టు 2 కోట్ల 60 లక్షల పైచిలుకు పెట్టింది. చెడుగుడు ఆడితే చెడిపోతావని కొడుకుల్ని తిట్టిన తండ్రులు ఆ అంకె విని ఏమనుకున్నారో!

ఖోఖోకి లీగ్ రావడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. 2022లో అల్టిమేట్ ఖోఖో మొదలైంది. టీవీకి సరిపోవాలని ఆటను కాస్త కత్తిరించారు. మైదానంలో దిగేది ఏడుగురే. వాళ్లలో ఒకడు వజీర్, వాడు ఎటైనా తిరగొచ్చు. పాతకాలపు డ్రిల్లు మాస్టార్లకు ఈ వజీర్ రుచించలేదంటే ఆశ్చర్యం లేదు. తిరగకూడదన్నదే కదా ఆటకు ప్రాణం! కానీ ఆ మొదటి లీగ్ ఫైనల్ చూసినవాళ్లు ఖోఖోలో ఉత్కంఠ లేదని మళ్లీ అనరు. ఒడిశా జగర్‌నాట్స్ 46, మన తెలుగు యోధాస్ 45. ఒక్క పాయింటు!

ఇంకో సంగతి. ఖోఖో మొదటి జాతీయ పోటీలు 1959-60లో ఎక్కడ జరిగాయో తెలుసా? మహారాష్ట్రలో కాదు, మన విజయవాడలో. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ప్రపంచ కప్ జరిగింది. మగవాళ్ల ఫైనల్లో భారత్ 54-36తో, ఆడవాళ్ల ఫైనల్లో 78-40తో నేపాల్‌ను ఓడించింది. ఆ పురుషుల జట్టులో ప్రకాశం జిల్లా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. కొండాపురానికి పొరుగు జిల్లావాడే. 

ఇలాంటి తగవు మనకొక్కరికే ఉందనుకోకండి. ఐర్లాండులో హర్లింగ్ అని ఒక ఆట, గేలిక్ ఫుట్‌బాల్ అని ఇంకో ఆట. మొదటిది యాష్ చెట్టు కర్రతో చిన్న తోలుబంతిని కొట్టే ఆట. రెండోది పెద్ద బంతిని చేత్తో పట్టుకుంటూ, కాలితో తంతూ ఆడేది. అక్కడా నేర్పు కర్ర ఆటదే అంటారు, ఎక్కువ జిల్లాల్లో బలంగా ఆడేది మాత్రం ఫుట్‌బాలే. అయితే 1884లో పుట్టిన ఒకే సంఘం రెండింటినీ నడుపుతుంది. ఒకే స్టేడియంలో, 82 వేల మంది పట్టే క్రోక్ పార్కులో, రెండు ఆటల ఫైనళ్లూ జరుగుతాయి. ఆటగాళ్లకు జీతాలుండవు. ఏ ఆటకు ఎక్కువ జనమొచ్చినా రెండోది అనాథ కాదు.

మన ఊళ్లలో అలా లేదు. సంక్రాంతి వస్తే కబడ్డీ పోటీలు పెడతారు. మైకు, ఫ్లడ్ లైట్లు, దాతలిచ్చిన ప్రైజు డబ్బులు, చుట్టూ జనం. మంచిదే. కానీ అదే ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రోజూ సాయంత్రం ఆడేది ఖోఖో. ముఖ్యంగా ఆడపిల్లలు. వాళ్ల ఆట చూసేది పీఈటీ సారు, గోడ అవతల మేకలు కాసేవాళ్లు. మండలం, జిల్లా దాటి రాష్ట్రస్థాయికి వెళ్లొచ్చిన పిల్ల ఊళ్లో ఉన్నా, పక్కవీధికి ఆ కబురు చేరదు. పదో తరగతి కాగానే బూట్లు మూలన పడతాయి. "ఇంక ఎగిరింది చాల్లేమ్మా" అంటుంది అమ్మ. అమ్మను అని లాభం లేదు. ఆ పిల్ల ఆడటం ఆమె ఒక్కసారైనా చూసిందా? చూడ్డానికి ఎవరైనా పిలిచారా?

మరో మాట చెప్పాలి. కబడ్డీలో ఒంటి బరువు లెక్కకొస్తుంది. పెద్దల పోటీల్లో మగవాళ్లకు ఇంత బరువు దాటకూడదని పరిమితి పెట్టారంటేనే తెలుస్తుంది, బరువుండటం ఎంత లాభమో. మెట్ట ఊరి పిల్లలు చాలామంది సన్నగా, చురుగ్గా ఉంటారు. చేలగట్ల మీద పరుగులు అలవాటైన కాళ్లు. అలాంటి పిల్లను కబడ్డీ కోర్టులో నిలబెడితే రెండు పట్లకే తేలిపోతుంది. అదే పిల్లను గుంజల మధ్య వదలండి, ముగ్గురు మారి తరిమినా దొరకదు. ఆ ఒంటికి ఆ ఆటే సరి. జనానికి ఏది నచ్చుతుందో చూసి పిల్లల్ని ఆటలో దించే సార్లు కొందరున్నారు. పిల్ల కాళ్లు చూసి దించే సార్లే ఎక్కువ, వాళ్లకు దండం పెట్టాలి.

వచ్చే సంక్రాంతికి కొండాపురంలోనో, కలిగిరిలోనో, వింజమూరులోనో కబడ్డీ కమిటీ కూర్చున్నప్పుడు ఎవరైనా ఈ మాట వేసి చూడండి. ఫైనల్‌కు ముందు, జనం అప్పటికే చేరి ఉంటారు కాబట్టి, హైస్కూలు ఆడపిల్లల ఖోఖో ఒక్క ఇన్నింగ్స్. తరమడానికి తొమ్మిది నిమిషాలు, పారిపోవడానికి తొమ్మిది నిమిషాలు. మైకులో ఒక మాస్టారు ఎవరు ఎటు తిరగకూడదో, ఖో ఎందుకిచ్చారో చెబుతూ ఉంటే చాలు. గుంజలు రెండూ బళ్లోనే ఉంటాయి. పాతడానికి గడ్డపార కమిటీవాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది.