పాచికలు కనబడితే జూదమేనా?

మనవాళ్ళకు పాచికలు కనబడితే ధర్మరాజే గుర్తొస్తాడు. అందుకే పుణెలో చదివే పిల్లలు సెలవునాడు బల్ల చుట్టూ చేరి పాచికలు వేస్తున్నారంటే, ఇక్కడ షోలాపూరులో తల్లులకు నిద్ర పట్టడం లేదు. "పోరడు జూదం నేర్చిండు. దయ్యాల ఆటంట అది, పిచ్చి లేస్తదంట" అని మా వదిన ఏడ్చింది.

నేను ఓ ఆదివారం పోయి మూడు గంటలు పక్కన కూర్చుని చూశాను. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్ళవి తలా ఒక పాత్ర: యోధుడు, మంత్రగాడు, దొంగ. "గుహ ముందు కాపలా ఉంది, ఏం చేస్తారు?" అంటే, నలుగురూ మాట్లాడుకుని చెప్పాలి. పని అయిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. పైసా పందెం లేదు. అందరూ ఒకే పక్షం. మన భాగోతంలో కీచకుడి వేషం కట్టినవాడు తెల్లారితే మగ్గం దగ్గరికి పోలేదా? ఇదీ అంతే.

మరి పిచ్చి మాట ఎక్కడిది? 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ళ విద్యార్థి కనబడకుండా పోయాడు. ఈ ఆట ఆడుతూ యూనివర్సిటీ కింది ఆవిరి గొట్టాల సొరంగాల్లో తప్పిపోయి ఉంటాడని వెతకవచ్చిన డిటెక్టివ్ అనుమానపడ్డాడు. పేపర్లు అదే అచ్చేశాయి. నెల రోజులకు పిల్లవాడు ఎక్కడో దూరాన లూసియానా రాష్ట్రంలో దొరికాడు. కారణం ఆట కాదు, వాడి మనసులోని దిగులు, చదువు ఒత్తిడి అని ఆ డిటెక్టివే 1984లో పుస్తకం రాశాడు. కానీ అప్పటికే, 1982లో, టామ్ హ్యాంక్స్‌తో అలాంటి కథే టీవీ సినిమాగా వచ్చేసింది. పుకారు ముందు ఉరికింది, నిజం వెనక నడిచింది.

నాకు బాధ కలిగించేది ఒకటే. లోకానికంతా పాచికలు కనబడ్డాయి, పిల్లవాడి దిగులు కనబడలేదు.

అమ్మలారా, రాత్రంతా ఆడి క్లాసు ఎగ్గొడితే తిట్టండి, తప్పు లేదు. ఆ తిట్టు క్యారమ్ బోర్డుకైనా ఒకటే. కానీ పిల్లవాడు తింటున్నాడా, పండుకుంటున్నాడా, మనతో మనసిచ్చి మాట్లాడుతున్నాడా, అది ముందు చూడండి. ఊరుగాని ఊర్లో వారానికోసారి నలుగురు దోస్తులతో కూర్చుని నవ్వేవాడి గురించి నాకు అంత భయం లేదు. తలుపేసుకుని ఒక్కడే కూర్చునేవాడికి ఈ రాత్రే ఫోన్ చేయండి.