పచ్చికకు పాముపొడ

తెలుగు మేష్టారికి గడ్డి గొడవ ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. మా ఆవిడ కూడా ఆ మాటే అడిగింది. రాజమండ్రిలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు వీధివైపు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు జాగా మిగిలింది. నాలుగు కూరపాదులు పెట్టుకుందామని ఆవిడ, పచ్చిక వేద్దామని నేను. ఎలాగైతేనేం, నా మాటే నెగ్గింది. కడియం వెళ్ళి కొరియా గడ్డి పలకలు కొనితెచ్చి తివాచీలా పరిపించాను.

దాని ఆలనాపాలనా చూడడానికి వారానికి రెండుసార్లు ఒక తోటమాలి వచ్చేవాడు. అరవై దాటిన మనిషి. పూర్వం కౌలుకు వరి చేసి, వరసగా రెండేళ్ళు పంట పోతే, అప్పులు తీర్చుకుందామని పట్నం చేరినవాడు. మాట తక్కువ, పని ఎక్కువ.

పోయిన ఏడు శ్రావణమాసంలో ఒకనాడు లేచి చూద్దును గదా, పచ్చికలో విస్తరాకంత మేర రెండుచోట్ల ఎండుగడ్డి రంగు తిరిగి ఉంది. నీరు చాలలేదని తీర్మానించాను. కాలేజీ నుంచి వచ్చీ రాగానే గొట్టం పట్టుకుని చీకటి పడేదాకా తడపడం, నీరసంగా ఉంది గదా అని వారానికి రెండు గుప్పెళ్ళ యూరియా చల్లడం మొదలుపెట్టాను. తోటమాలి వంగి చూసి అన్నాడు:

“ఇది ఎండదెబ్బ కాదండీ మేష్టారూ. పాముపొడండీ. సాయంకాలం నీళ్ళు మానెయ్యాలండీ. యూరియా అసలు ఎయ్యకూడదండీ, ఆయ్.”

నాకు నవ్వు వచ్చింది. “వరికి వచ్చే తెగులు పచ్చికకెందుకు వస్తుందయ్యా?” అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు.

పది రోజుల్లో విస్తరాకులు చాపలయ్యాయి. నా ఓర్పు నశించింది. నేను లేనప్పుడు సరిగా చూడడం లేదనీ, పని తప్పించుకోవడానికే తెగులు పేరు చెబుతున్నాడనీ నాలుగు మాటలు అనేశాను. ఆ నెల జీతంలో కొంత కోసి చేతిలో పెట్టి, ఇక రానక్కర్లేదన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, “అలాగేనండీ మేష్టారూ” అని వెళ్ళిపోయాడు. లోపలి నుంచి అంతా విన్న మా ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు.

వారం తరువాత మా కాలేజీ వృక్షశాస్త్రం మేష్టారికి సంగతి చెప్పాను. “తెల్లవారకముందు చూడాలండీ” అని, మర్నాడు అయిదున్నరకే వచ్చాడు. మచ్చ అంచున మంచు పట్టిన గడ్డి మీద సాలెగూడు వంటి సన్నని తెల్లదారాలు కనిపించాయి. “ఇది సాలీడు పని కాదు, శిలీంధ్రం” అన్నాడు. పొద్దెక్కి మంచు ఆరేసరికి ఆ దారాలు మాయం! ఎనిమిదింటికి లేచే మహానుభావులకు ఇక అవి కనిపించేదెలా?

ఆయన ఒక గడ్డిపరకను లాగాడు. మొదట కుళ్ళి గోధుమరంగు తిరిగి, సులువుగా ఊడి వచ్చింది. వేళ్ళు మటుకు నేలలోనే ఉన్నాయి. వేరుపురుగు తిని ఉంటే గడ్డి చాప చుట్టినట్టు లేచి వస్తుందట. ఈ రెంటికీ తేడా తెలియక మందులు కొట్టేవారు చాలామంది.

“దీని పేరు రైజోక్టోనియా సొలాని. 1858లో జర్మనీలో కూన్ అనే శాస్త్రజ్ఞుడు బంగాళాదుంప మీద చూసి వర్ణించాడు. 1910లో జపాన్‌లో వరి మీద పట్టుకున్నారు. మన రైతులు పాముపొడ అనేది దీన్నే” అన్నాడు.

“వరి తెగులు గడ్డికి...” అని నసిగాను.

“వరి కూడా గడ్డిజాతే గదండీ!”

నా ముఖం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. పొడ అంటే మచ్చ. వరిదుబ్బు మొదట, నీటిమట్టం దగ్గర, పాము ఒంటి మీది పొడల వంటి మచ్చలు వస్తాయి గనక ఆ పేరు. పేరు పెట్టినవాడు నాలాగా ఎమ్మే చదివి ఉండడు. చేలో దిగి ఉంటాడు.

ఇక మీ ఇంట్లోనూ పచ్చిక ఉంటే, ఆయన చెప్పినది వినండి. ఈ శిలీంధ్రానికి కావలసింది ఉక్క, రాత్రంతా ఆరని తడి, యూరియా మేసి మెత్తబడిన ఆకు. నేను మూడూ సమకూర్చాను. నీరు తెల్లవారుజామునే పెట్టాలి. రోజూ పైపైన చిలకరించక, రెండు మూడు రోజులకు ఒకసారి వేరు తడిసేలా పెట్టాలి. వానాకాలంలో అదీ అక్కర్లేదు. తెగులున్నంత కాలం యూరియా ముట్టకూడదు. గడ్డి ఆరిన తరువాతనే, పదునైన కత్తితో, ఒక్కసారి మూడో వంతుకు మించకుండా కొయ్యాలి. తెగులు పట్టిన చోట కోసిన గడ్డిని ఎత్తి పారెయ్యాలి. అడుగున పేరుకున్న ఎండుచెత్తను పళ్ళదంతెతో గీకి తియ్యాలి. పైన చెట్టుకొమ్మలు కమ్ముకుని ఉంటే పలచన చేసి గాలీ వెలుతురూ తగలనివ్వాలి.

మందు మాట చివరిది. వరిలో దీనికి ప్రోపికొనజోల్ వంటివి లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కొడతారు. పిల్లలు ఆడుకునే పచ్చికకు మటుకు వ్యవసాయాధికారిని అడగకుండా, సీసా మీది చీటీ చదవకుండా కొట్టకండి. మందు తెగులు పాకకుండా ఆపుతుందే గాని చచ్చిన ఆకును బతికించదు. శిలీంధ్రం ఆవగింజల వంటి గింజలుగా మారి నేలలో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. అలవాట్లు మారకపోతే మళ్ళీ వస్తుంది.

ఆ సాయంకాలం తోటమాలి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. దారిపొడుగునా పెద్ద పెద్ద వాక్యాలు కూర్చుకున్నాను. తీరా ఆయన ఎదురుపడేసరికి, “మీరు చెప్పిందే నిజం. తప్పు నాది” అన్న రెండు ముక్కలే నోట వచ్చాయి. ‘మీరు’ అనడం అదే మొదలని తరువాత తోచింది. కోసిన డబ్బు ఇచ్చాను. లెక్కపెట్టుకుని తీసుకున్నాడు.

“మా చేను పోయింది దానితోనేనండీ. అందుకే గుర్తుపట్టాను” అన్నాడు.

మర్నాడు వచ్చి, ఒంగి గడ్డిలో చెయ్యి పెట్టి చూశాడు. “వేరు బతికే ఉందండీ” అన్నాడు. కార్తీకమాసానికి అంచుల నుంచి పచ్చదనం పాకి మచ్చలు చాలావరకు మూసుకున్నాయి.

ఇప్పటికీ సాయంకాలం ఇంటికి రాగానే గొట్టం మీదికి నా చెయ్యి పోతుంది. ఆయన ఉన్న రోజున ఏమీ అనడు, ఒక్క చూపు చూస్తాడు. లేని రోజున ఆ చూపు మా ఆవిడ చూస్తుంది.